మధ్యాహ్నపు ఎండలో రేణిగుంట రన్‌వే మీద గాలిని చిక్కబరిచే దారి ఏదైనా ఉందా?

రేణిగుంట_రాజా
మే నెల, మధ్యాహ్నం ఒకటిన్నర ఫ్లైట్. ప్రొపెల్లర్ల చిన్న విమానం. లోపల కూర్చున్నాక ఒకామె వచ్చి "ఎండ ఎక్కువగా ఉంది సార్, బరువు తగ్గించాలి, కొన్ని బ్యాగులు తర్వాతి ఫ్లైట్‌లో వస్తాయి" అంది. నా బ్యాగు ఆ కొన్నింట్లోనే ఉంది. అందులో మా అత్తకని కొన్న లడ్డూలు ఉన్నాయి. ఏ కంపెనీ అన్నది ఇక్కడ వద్దు, గొడవ అది కాదు.

వేడికి గాలి పలచబడుతుంది, రెక్కలకు ఆనిక చాలదు, అంతవరకు తెలిసింది. నేను అడిగేది వేరే. విమానం బరువు తగ్గించే బదులు గాలినే మార్చలేమా? ట్యాంకర్లతో నీళ్లు కొట్టడం, పెళ్లి మండపాల్లో పెట్టే మిస్ట్ ఫ్యాన్లు వరసగా నిలబెట్టడం, ఇంకేదైనా. పిచ్చి ఐడియాలైనా పరవాలేదు. ప్రపంచంలో ఎవరైనా ప్రయత్నించారా?

కాణిపాకం_శీను
లడ్డూలు దింపేసినందుకే విమానం లేచిందేమో, చూసుకో అన్నా.

గాలిగోపురం
ముందు అంకెలు చూద్దాం. సముద్ర మట్టంలో, 15 డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి బరువు 1.225 కిలోలు. అదే చోట 43 డిగ్రీలైతే దాదాపు 1.12. అంటే తొమ్మిది శాతం దాకా పోయింది.

పైలట్లు దీన్ని ఎత్తుగా మార్చి చెప్పుకుంటారు, డెన్సిటీ ఆల్టిట్యూడ్ అని. రేణిగుంట విమానాశ్రయం ఎత్తు 350 అడుగులు. 43 డిగ్రీల ఎండలో విమానానికి అది 3,800 అడుగుల మీద ఉన్న రన్‌వే అయిపోతుంది. బెంగళూరు విమానాశ్రయం ఉన్నదే 3,000 అడుగుల ఎత్తున. మే మధ్యాహ్నం మన రేణిగుంట, చలికాలం తెల్లవారుజామున ఉండే బెంగళూరు కన్నా "ఎత్తు" అన్నమాట.

స్వర్ణముఖి_ఒడ్డు
దెబ్బ ఒక్క రెక్కల మీదే పడదు. ప్రొపెల్లర్ తోసేదీ ఆ గాలినే, ఇంజిన్ పీల్చేదీ ఆ గాలినే. మూడు చోట్ల నష్టం. అందుకే గాలి పది శాతం పలచబడితే రన్‌వే పది శాతం ఎక్కువైతే చాలదు, ఇరవై పైన కావాలి.

పీలేరు_మెకానిక్
మా లారీ డ్రైవర్లు దీన్ని చదువు లేకుండానే చెప్తారు. భాకరాపేట ఘాట్ పగలు ఎక్కితే బండి మూలుగుతుంది, రాత్రి అదే లోడుతో లాగేస్తుంది. టర్బో బండ్లకు ఇంటర్‌కూలర్ పెట్టేది ఎందుకు? టర్బో నొక్కిన గాలి వేడెక్కి పలచబడుతుంది, దాన్ని చల్లార్చి చిక్కబరిచి ఇంజిన్‌కు ఇవ్వడానికి.

మదనపల్లి_టమోటా
పగలు ట్రాఫిక్‌లో గేర్లు మార్చుకుంటూ ఎక్కుతారు, రాత్రి ఖాళీ రోడ్డు. అందులో గాలి వాటా ఎంత అన్నా?

పీలేరు_మెకానిక్
మీటరు పెట్టి కొలవలేదు. కానీ ఖాళీ రోడ్డున్న పగలు కూడా చూశాను. తేడా ఉంది.

నగరి_పావని
రాజా గారూ, ఎండ మాట నిజమే కావచ్చు కానీ అన్నిసార్లూ కాదు. సీట్లు నిండి, దూరపు ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి సరిపడా ఇంధనం ఎక్కించాల్సి వస్తే చల్లని రోజు కూడా బ్యాగులు దింపుతారు. నా బ్యాగు నవంబరు వానలో ఆపేశారు. అప్పుడేం ఎండ?

రేణిగుంట_రాజా
వాళ్లు ఎండ అన్నారు, నేను నమ్మాను. సరే, నా ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు. గాలిని చల్లబరిస్తే?

గాలిగోపురం
లెక్క వేద్దాం. విమానం పరిగెత్తి పైకి లేచేంతవరకు 2 కిలోమీటర్ల పొడవు, 60 మీటర్ల వెడల్పు, 50 మీటర్ల ఎత్తు గాలి అనుకుందాం. 60 లక్షల ఘనపు మీటర్లు. బరువు 6,600 టన్నులు. గాలికి బరువేముంటుంది అనేవాళ్ల కోసం ఈ అంకె మళ్లీ చెప్తున్నా, 6,600 టన్నులు.

దీన్ని 10 డిగ్రీలు తగ్గించాలంటే లాగాల్సిన వేడి 66 గిగాజౌళ్లు, అంటే 18,000 యూనిట్ల పైన. మంచి ఏసీ యంత్రాలు పెట్టినా ఒక్కసారికి 6,000 యూనిట్ల కరెంటు. దానికి దక్కేది? సాంద్రత మూడు శాతం పెరుగుతుంది. అంతే.

ఇక గాలి కదులుతుంది కదా. గంటకు 10 కిలోమీటర్ల గాలి అడ్డంగా వీస్తే మీరు చల్లబరిచిన 60 మీటర్లూ 21 సెకన్లలో పక్క పొలాల్లోకి పోతుంది. తలుపులన్నీ తీసి ఏసీ వేసినట్టు. రన్‌వే వెంబడి నిలువునా వీచినా పన్నెండు నిమిషాల్లో మొత్తం ఖాళీ.

కాణిపాకం_శీను
పక్క పొలాల రైతులు మాత్రం సంతోషిస్తారు.

చంద్రగిరి_కోట
ఏసీ ఎందుకు, నీళ్లు చల్లితే చాలు కదా. ఆవిరయ్యే నీళ్లే వేడిని లాగేస్తాయి. అదే 66 గిగాజౌళ్లకు ఎన్ని నీళ్లు?

గాలిగోపురం
27,500 లీటర్లు. 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. కరెంటు కన్నా చాలా చౌక, ఒప్పుకుంటాను.

తిరుచానూరు_ట్యాంకర్
మే నెలలో మా అపార్ట్‌మెంట్‌కు ఒక్క ట్యాంకర్ కోసం మూడు రోజులు ఫోన్ చేయాలి. మీరు ఒక్క టేకాఫ్‌కు ఆరు రాస్తున్నారు.

స్వర్ణముఖి_ఒడ్డు
ఆగండి. నీటి ఆవిరి గాలిలో కలిస్తే గాలి తేలికవుతుంది, చిక్కబడదు. నీటి అణుభారం 18, పొడి గాలి సగటు 29. తడి గాలి బరువు అని అందరూ అనుకుంటారు, ఉక్కపోతలో మనకలా అనిపిస్తుంది కాబట్టి. నిజానికి చెన్నై ఉక్క గాలి, అదే వేడిలో అనంతపురం పొడి గాలి కన్నా తేలిక. కాబట్టి నీళ్లు చల్లడం ఎదురు తిరుగుతుంది.

ఎస్వీయూ_ఫిజిక్స్
సగం రైటు. ఆవిరి వల్ల గాలి తేలికవడం నిజం, కానీ ఎంత? కిలో గాలికి నాలుగు గ్రాముల నీళ్లు ఆవిరైతే 10 డిగ్రీలు తగ్గుతుంది. ఆ నాలుగు గ్రాముల వల్ల సాంద్రత పావు శాతం తగ్గుతుంది. చల్లబడటం వల్ల మూడు శాతం పైన పెరుగుతుంది. చల్లదనమే గెలుస్తుంది. నీళ్ల ఐడియా సూత్రంలో తప్పు కాదు. గాలిగోపురం గారు చెప్పిన 21 సెకన్లే దాన్ని చంపేది.

స్వర్ణముఖి_ఒడ్డు
30 డిగ్రీల దగ్గర గాలి పూర్తిగా తడిసిపోతే ఒకటిన్నర శాతం పోతుంది సార్. అది చిన్నదేం కాదు.

ఎస్వీయూ_ఫిజిక్స్
చిన్నది కాదు, పెద్దదీ కాదు. ఐదు డిగ్రీల వేడికి సమానం. పెద్ద విమానాల లెక్కల్లో వేడి, ఎత్తు, ఎదురుగాలి, రన్‌వే తడి, ఇవే ముందు వస్తాయి.

పుత్తూరు_కట్టు
ఫ్యాన్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నా ఓటు ఫ్యాన్లకు. గాలిని చిక్కబరచడం కన్నా ఎదురుగా వీయించడం సులువు. 110 నాట్ల వేగంలో, అంటే గంటకు 200 కిలోమీటర్ల పైన, లేచే విమానానికి 10 నాట్ల ఎదురుగాలి దొరికితే నేల మీద 100 నాట్లు చాలు. 100ని 110తో భాగించి వర్గం చేయండి, 0.83. రన్‌వేలో పదిహేడు శాతం మిగిలింది. మీ ఆరు ట్యాంకర్లు ఇచ్చేది మూడు శాతం.

నగరి_పావని
లెక్క బాగుంది. ఫ్యాన్ల వరస దాటి పైకి వెళ్లగానే ఆ 10 నాట్లు హఠాత్తుగా మాయమవుతాయి. అప్పుడే లేచిన విమానానికి అదే అన్నిటికన్నా ప్రమాదం, విండ్ షియర్ అని పైలట్లు భయపడేది దానికే. మీరు దాన్ని డబ్బు పెట్టి కొని పెడుతున్నారు.

పుత్తూరు_కట్టు
పడితే కట్టు కట్టడానికి మా ఊరు ఉంది.

పీలేరు_మెకానిక్
రాజా అడిగింది వేరే రకంగా ఇప్పటికే చేశారు. రన్‌వే అంతా చల్లబరచకుండా, ఇంజిన్ మింగే గాలిని మాత్రం చల్లబరిచారు. మొదటి తరం బోయింగ్ 707లు, బి-52 బాంబర్లు, గాలిలోనే వేరే విమానాలకు ఇంధనం నింపే కేసీ-135 ట్యాంకర్ విమానాలు టేకాఫ్ సమయంలో ఇంజిన్లలోకి నీళ్లు చల్లేవి. ఆవిరితో గాలి చల్లబడి చిక్కబడుతుంది, ఇంజిన్ గుండా ఎక్కువ గాలి పోతుంది, తోపు పెరుగుతుంది. కేసీ-135 ఒక్క టేకాఫ్‌లో సుమారు 2,500 లీటర్ల నీళ్లు తాగేది, రెండు నిమిషాలు అటూ ఇటూ. మామూలు బోరు నీళ్లు కాదు, లవణాలు తీసేసినవి, లేకపోతే బ్లేడ్ల మీద పొర కడుతుంది. వెనక నల్లటి పొగ ఎలా వదిలేవో పాత ఫొటోల్లో చూడొచ్చు.

గాలిగోపురం
ఇది బాగా పట్టుకున్నారు. రన్‌వే గాలికి 27,500 లీటర్లు, ఇంజిన్ గాలికి 2,500. పైగా విమానం ఎటు పోతే చల్లదనం అటు పోతుంది, పొలాల్లోకి పోదు.

మదనపల్లి_టమోటా
మరి ఇప్పుడు ఎందుకు లేదు?

పీలేరు_మెకానిక్
టర్బోఫ్యాన్లు, అంటే ముందు పెద్ద ఫ్యాన్ ఉండే జెట్ ఇంజిన్లు, వచ్చాక అంత అవసరం లేకుండా పోయింది. నీళ్ల బరువు, గోల, పొగ ఎవరు భరిస్తారు? మనవాళ్లు ఇంకో దారి పట్టారు. సి-119 ప్యాకెట్ అని ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఉండేది, రెండు ప్రొపెల్లర్లది. లడాఖ్ ఎత్తులకు దాని బలం చాలక వీపు మీద ఒక ఆర్ఫియస్ జెట్ ఇంజిన్ బిగించి నడిపారు. గాలిని మార్చలేకపోతే ఇంకో ఇంజిన్ మోసుకుపో, అంతే.

నగరి_పావని
లేహ్ 10,600 అడుగులు. అక్కడికి ఫ్లైట్లన్నీ పొద్దున్నే ఎందుకో తెలుసుగా? మధ్యాహ్నమైతే గాలి పలచన, లోయ గాలులు కూడా మొదలవుతాయి. రేణిగుంటకూ చౌకైన మందు ఇదే. ఒకటిన్నర ఫ్లైట్‌ను పొద్దున ఆరున్నరకు మార్చడం.

రేణిగుంట_రాజా
ఆరున్నరకు ఇంకా దర్శనం క్యూలోనే ఉంటారు మా చుట్టాలు.

చంద్రగిరి_కోట
2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఇదే జరిగింది. ఎండ 48 డిగ్రీలు దాటేసరికి చిన్న జెట్ల ఫ్లైట్లు పదుల సంఖ్యలో రద్దయ్యాయి. ఆ జెట్లకు తయారీదారు ఇచ్చిన పట్టికలు 118 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 48 సెల్సియస్ దగ్గర ఆగిపోతాయి. పట్టికలో లేని వేడిలో ఎగరకూడదు. పెద్ద బోయింగ్‌లు, ఎయిర్‌బస్‌లు ఎగిరాయి, వాటి పరిమితి ఇంకొంచెం ఎక్కువ.

వడమాలపేట_వాట్సప్
అందరూ చిక్కబరచడం గురించే మాట్లాడుతున్నారు. నాకు ఒక వీడియో వచ్చింది. గాదంకి రాడార్‌తో గాలిని వేడి చేసి పలచబరుస్తారట, మేఘాలు చెదిరిపోతాయట, పైన పోయే విమానం కూడా ఊగుతుందట. మా మామ గట్టిగా నమ్ముతున్నాడు.

పాకాల_పిల్లోడు
మా ఊరికి పక్కనే అది. ఆ వీడియో నాకు వచ్చి చాలా కాలమైంది, ఇంకా తిరుగుతోందా!

అక్కడ ఉన్నది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల. పై గాలి పొరలను చూసే ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్‌లో పని చేస్తుంది. 1,024 యాంటెన్నాలు, 130 మీటర్ల పొడవు 130 మీటర్ల వెడల్పు నేల మీద వరసగా నిలబెట్టి ఉంటాయి. మొదట కట్టినప్పుడు గరిష్ఠ శక్తి 2.5 మెగావాట్లు. ఈ అంకె చూసే జనం బెదిరేది. దాన్ని ఆ విస్తీర్ణంతో భాగిస్తే చదరపు మీటరుకు 150 వాట్ల లోపే, అదీ పల్స్ నడిచే ఆ క్షణం మాత్రమే. మే ఎండ చదరపు మీటరుకు 1,000 వాట్లు, పొద్దస్తమానం. పైగా ఆ తరంగాలను గాలి దాదాపు పీల్చుకోదు. మేఘాల్ని చెదరగొట్టాలంటే రాడార్ కన్నా సూర్యుడే ముందుంటాడు.

అది చేసేది వినడం. గాలిలో వేడి, తేమ, సాంద్రత కొద్దికొద్దిగా మారే చోట్ల నుంచి బలహీనమైన ప్రతిధ్వని వస్తుంది. దాన్ని బట్టి పైన గాలి ఎటు, ఎంత వేగంగా కదులుతోందో లెక్క కడతారు. విమానాలు ఎగిరే ఎత్తులు దాటి ఇరవై కిలోమీటర్ల దాకా.

వడమాలపేట_వాట్సప్
మరి రాత్రిపూట పచ్చ లేజర్?

పాకాల_పిల్లోడు
అది లైడార్. 532 నానోమీటర్ల పచ్చ వెలుగు. గాలి అణువులకు తగిలి వెనక్కి వచ్చే వెలుగు ఎంత అని కొలుస్తారు. ఎక్కువ వస్తే గాలి చిక్కన, తక్కువ వస్తే పలచన. 30 కిలోమీటర్ల నుంచి 80 కిలోమీటర్ల దాకా సాంద్రత అలా తెలుస్తుంది, దాని నుంచి ఉష్ణోగ్రత లెక్కిస్తారు. ఈ థ్రెడ్ మొత్తం గాలి సాంద్రత గురించే కదా, దాన్ని మన జిల్లాలోనే కొలుస్తారని ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ లేజర్ సగటు శక్తి మీ ఇంటి సీలింగ్ ఫ్యాన్ తినే కరెంటు కన్నా తక్కువ. దానితో ఏం వేడెక్కుతుంది?

వడమాలపేట_వాట్సప్
మామకు ఫార్వర్డ్ చేశాను. "వాళ్లు అలాగే చెప్తారు" అని రిప్లై వచ్చింది.

కాణిపాకం_శీను
గాలిని పలచబరిస్తే తిరుమల మీద విమానాలు పోకుండా ఆపొచ్చు కదా? టీటీడీ ఎన్నేళ్లుగా నో ఫ్లై జోన్ అడుగుతూనే ఉంది. కొండ మీద నాలుగు పెద్ద పొయ్యిలు పెడితే సరి.

గాలిగోపురం
పొయ్యిలు కాదు, థర్మల్ పవర్ స్టేషన్ చిమ్నీ పక్కనుంచి పోవద్దని చిన్న విమానాల పైలట్లకు హెచ్చరికలు ఉన్నమాట నిజం. అక్కడ కూడా భయం గాలి పలచబడి పడిపోతామని కాదు, పైకి ఎగదన్నే గాలిలో కుదుపులు. కొన్ని వేల అడుగుల పైన పోయే పెద్ద విమానానికి అది తెలియను కూడా తెలియదు. శేషాచలం బండలు ఎండకు కాగి పైకి పంపే గాలిలోనే గద్దలు రెక్క ఆడించకుండా తిరుగుతుంటాయి. వేడి గాలి వాటిని మోస్తోంది, పడేయడం లేదు.

ఎస్వీయూ_ఫిజిక్స్
విమానాన్ని గాలితో కొట్టాలని నిజంగానే ప్రయత్నించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు హిల్లర్స్‌లెబెన్ పరీక్షా క్షేత్రంలో గాలి ఫిరంగి కట్టారు. హైడ్రోజన్, ఆక్సిజన్ పేల్చి గాలి దెబ్బను పంపడం. కొద్ది దూరంలోని చెక్క పలకలు విరిగాయి. ఆకాశంలో పోయే విమానానికి ఏమీ కాలేదు. గాలిలో ఎక్కడ ఒత్తిడి తేడా వచ్చినా అది శబ్ద వేగంతో సర్దుకుంటుంది, సెకనుకు 340 మీటర్లు. మీరు తవ్విన గుంత మీరు పక్కకు జరిగేలోపే పూడిపోతుంది. సాధారణ విమానం శబ్దం కన్నా నెమ్మదిగా పోతుంది కాబట్టి దాని ముందు గాలిని ఎక్కువసేపు పలచగా ఉంచలేం.

శబ్దాన్ని దాటి పోయేదానికి కథ వేరు.

పుత్తూరు_కట్టు
ఆపొద్దు సార్, చెప్పండి. రష్యా వాళ్ల టార్పీడో ఒకటి నీళ్లలో బుడగ కట్టుకుని అందులో దూరిపోతుందని చదివాను. గాలిలో అలాంటిది సాధ్యమా?

ఎస్వీయూ_ఫిజిక్స్
ష్క్వాల్. ముక్కు దగ్గర గ్యాస్ వదిలి తన చుట్టూ బుడగ కట్టుకుంటుంది, నీటి రాపిడి ముక్కు కొనకు తప్ప మిగతా ఒంటికి తగలదు. 200 నాట్లు, గంటకు 370 కిలోమీటర్లు, నీళ్లలో.

గాలిలో దాని దగ్గరి చుట్టం ఏరోస్పైక్. అమెరికా ట్రైడెంట్ క్షిపణి ముక్కు మొద్దుగా ఉంటుంది, జలాంతర్గామి గొట్టంలో పట్టాలి కాబట్టి. పైకి వచ్చాక ముక్కు నుంచి సన్నని కడ్డీ ఒకటి బయటికి వస్తుంది, కొసన చిన్న బిళ్ల. శబ్దాన్ని దాటి పోయేదాని ముందు నొక్కుకుపోయే గాలి గోడ, అదే షాక్ వేవ్, ఆ బిళ్ల దగ్గరే పుడుతుంది, మొద్దు ముక్కు దాని వెనక నెమ్మదించిన, పలచటి గాలిలో పోతుంది. నిరోధం దాదాపు సగం తగ్గుతుంది. బెంగళూరు ఐఐఎస్సీలో హైపర్‌సోనిక్ షాక్ టన్నెల్ ఉంది, శబ్దానికి ఎన్నో రెట్ల వేగంతో గాలిని నమూనాల మీదికి పంపి పరీక్షించే గొట్టం, ఇలాంటి కడ్డీల మీద అక్కడ మంచి పని జరిగింది.

ఇంకో అడుగు ముందుకు పోతే కడ్డీ కూడా వద్దు. ముక్కుకు కొంచెం ముందర లేజరో, మైక్రోవేవో, విద్యుత్ నిప్పురవ్వో పెట్టి గాలిని ఒక సన్నని గీతలో వేడి చేయడం. వేడెక్కిన చోట సాంద్రత తగ్గుతుంది, శబ్ద వేగం పెరుగుతుంది, కాబట్టి ఆ గీతలో విమానం మాక్ సంఖ్య, అంటే శబ్ద వేగానికి ఎన్ని రెట్లు అనే అంకె, తక్కువ. షాక్ వేవ్ చెదిరిపోతుంది. అమెరికాలో లైక్ మిరాబో దీన్ని ఎయిర్ స్పైక్ అని పిలిచి టన్నెల్‌లో ప్రయోగాలు చేశాడు. 1980ల చివర్లో సోవియట్ వాళ్లు అజాక్స్ అని ఒక విమానం ఊహించారు, చుట్టూ ప్లాస్మా, అంటే విద్యుత్ కణాలుగా విడిపోయిన వాయువు, పరచుకుని పోయేది. ప్లాస్మా ఏదో మాయ చేస్తుందని చాలా కాలం వాదన నడిచింది. తర్వాత తేలింది ఏమంటే చాలా ప్రయోగాల్లో పని చేసింది ప్లాస్మా కాదు, అది తెచ్చిన వేడి.

చంద్రగిరి_కోట
మరి మోసుకుపోవాల్సిన కరెంటు?

ఎస్వీయూ_ఫిజిక్స్
ముడి అక్కడే ఉంది. మాక్ 5, 6 దగ్గర పెట్టిన శక్తి కన్నా నిరోధంలో మిగిలేది ఎక్కువ అని టన్నెల్ చెప్తుంది. కానీ ఆ లేజరు, దాని జనరేటరు, దాని బరువు విమానంలో ఎక్కించాక లెక్క ఇంకా ఎవరికీ తేలలేదు. రేణిగుంట ప్రొపెల్లర్ విమానానికైతే శుద్ధ దండగ.

మదనపల్లి_టమోటా
సముద్రంలో మీథేన్ బుడగలు లేచి బెర్ముడాలో విమానాలు పడిపోయాయి అనే కథ కూడా ఇందులోకి వస్తుందా?

గాలిగోపురం
మీథేన్ అణుభారం 16, గాలిలో సగం పైన. విమానం స్వచ్ఛమైన మీథేన్‌లోకి దూరితే లిఫ్ట్, అంటే రెక్కలు పైకి మోసే బలం, సగానికి పడుతుంది, ఇంజిన్‌కు ఆక్సిజన్ అందదు. వినడానికి భయంకరమే. కానీ సముద్రం నుంచి లేచిన గ్యాస్ వేల అడుగులు ఎక్కేలోపు గాలిలో కలిసి పలచబడిపోతుంది. అంత చిక్కటి మబ్బు పైదాకా ఎవరికీ దొరకలేదు. పైగా బెర్ముడాలో ప్రమాదాలు మిగతా రద్దీ సముద్రాల కన్నా ఎక్కువేం కాదు.

స్వర్ణముఖి_ఒడ్డు
బయట గాలిని మార్చలేం అని అందరూ తేల్చేశారు. గదిలో మాత్రం వందేళ్లుగా మారుస్తూనే ఉన్నారు. 1920లలో అమెరికాలోని లాంగ్లీ విమాన పరిశోధన కేంద్రంలో మాక్స్ మంక్ ఆలోచనతో ఒక విండ్ టన్నెల్ కట్టారు, ఉక్కు తొట్టిలో గాలిని 20 రెట్లు నొక్కి అందులో చిన్న నమూనా విమానాలను పరీక్షించారు. గాలి 20 రెట్లు చిక్కగా ఉంటే, 20 రెట్లు చిన్న నమూనా కూడా పెద్ద విమానం లాగే ప్రవర్తిస్తుంది. తర్వాత అక్కడే చల్లటి నైట్రోజన్‌తో నడిచే టన్నెల్ వచ్చింది, సున్నాకు 150 డిగ్రీలకు పైగా దిగువన. రెక్కలు కంపించే ఫ్లట్టర్ పరీక్షలకు ఇంకో టన్నెల్‌లో గాలి తీసేసి బరువైన గ్యాస్ నింపుతారు. ఏం గ్యాస్ అనుకున్నారు? ఆర్-134ఏ. మన కార్ల ఏసీలో పోసేదే.

పీలేరు_మెకానిక్
నా షాపులో సిలిండర్ ఉంది. రెండు చిన్న విమానాలు పట్టుకురండి.

నగరి_పావని
పలచన వైపు కూడా చేశారు. అంగారకుడి మీద గాలి మనదానిలో ఒక్క శాతం. ఇన్‌జెన్యుటీ హెలికాప్టర్‌ను పంపే ముందు పెద్ద శూన్య గదిలో గాలి తోడేసి, అంగారకుడంత పలచన చేసి ఎగరేసి చూశారు. 1.8 కిలోల బొమ్మకు 1.2 మీటర్ల రెక్కలు, నిమిషానికి 2,400 చుట్ల పైన. 2021 ఏప్రిల్ 19న అక్కడ మొదటిసారి లేచింది. 72 సార్లు ఎగిరింది. శని గ్రహపు చందమామ టైటాన్‌కు పంపబోయే డ్రాగన్‌ఫ్లై అనే ఎగిరే యంత్రానికి తిరకాసు ఉల్టా, అక్కడ గాలి మనకన్నా నాలుగు రెట్లు చిక్కన, బరువు ఏడో వంతు. మనిషి చేతులకు రెక్కలు కట్టుకుని ఎగరొచ్చు.

కాణిపాకం_శీను
అక్కడ బ్యాగులు దింపరు.

బంగారుపాళ్యం_మామిడి
గది అంటే గుర్తొచ్చింది. మా చిన్నాన్నకు చింతపండు కోల్డ్ స్టోరేజ్ ఉంది. లోపల 5 డిగ్రీలు, బయట 42. ఒక ఛాంబర్ ఖాళీగా ఉంది. నా దగ్గర చిన్న డ్రోన్ ఉంది. బయట ఒకసారి, లోపల ఒకసారి ఎగరేస్తే తేడా తెలుస్తుందా? ఏం కొలవాలి?

గాలిగోపురం
ఈ థ్రెడ్‌లో చేయగలిగిన పని ఇదొక్కటే! 42 నుంచి 5కు వస్తే సాంద్రత 13 శాతం పెరుగుతుంది. గాలిలో నిలబడటానికి రెక్కలు తిరగాల్సిన వేగం సాంద్రత వర్గమూలానికి విలోమంగా మారుతుంది, కాబట్టి చుట్లు ఆరు శాతం తగ్గాలి. చుట్లు కొలవడానికి పరికరం అక్కర్లేదు, మోత వినాలి. ఫోన్‌లో శబ్దం ఫ్రీక్వెన్సీ చూపే యాప్ వేసుకుని, డ్రోన్‌ను కదలకుండా నిలబెట్టి రికార్డు చేయండి.

స్వర్ణముఖి_ఒడ్డు
నేలకు మీటరున్నర పైన, కప్పుకు దూరంగా నిలపాలి. నేలకు దగ్గరైతే కింద గాలి తిరిగి తోసి లెక్క చెడిపోతుంది. గోడలకూ దూరం. బ్యాటరీని చివరిదాకా జేబులో వెచ్చగా ఉంచి, ఎగరేసే ముందే బిగించండి. చలికి బ్యాటరీ కుంగితే గాలి తప్పు అనుకుంటారు. 42 కూడా చాలా డ్రోన్ల పరిమితికి పైనే, నీడలో చేయండి.

నగరి_పావని
బయట ఎగరేసేది బంగారుపాళ్యంలోనే చేయండి. తిరుపతిలోనో, కొండ మీదో చేసి స్టేషన్‌లో కూర్చోవద్దు.

బంగారుపాళ్యం_మామిడి
చేశాను. బయట గోడౌన్ నీడలో 410 హెర్ట్జ్ దగ్గర ఊగుతోంది, లోపల 385 దగ్గర. చెవికే తెలిసింది, లోపల గొంతు దిగింది. చిన్నాన్న తలుపు దగ్గర నిలబడి "ఎంతసేపురా, కరెంటు బిల్లు నువ్వు కడతావా" అంటూనే ఉన్నాడు.

గాలిగోపురం
410 నుంచి 385, ఆరు శాతం. భేష్.

మదనపల్లి_టమోటా
నాలుగు మోటార్లు ఒకే వేగంలో తిరగవు కదా, ఏ మోటారు మోత కొలిచారు? తలుపు తీసి ఉంటే లోపల గాలి కదులుతూ ఉంటుంది కూడా.

బంగారుపాళ్యం_మామిడి
యాప్‌లో అన్నిటికన్నా ఎత్తున్న గీత తీసుకున్నాను. తలుపు మూసే చేశాను, చిన్నాన్న ఉన్నది బయట. పక్కన మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మైనస్ 18 గది ఉంది, మేనేజర్‌ను అడిగి చూస్తాను.

స్వర్ణముఖి_ఒడ్డు
మైనస్ 18లో పది శాతం దిగాలి. బ్యాటరీ ఒప్పుకుంటేనే. బయటికి తెచ్చిన వెంటనే ఆన్ చేయొద్దు, తేమ పట్టి బోర్డు పోతుంది. ఒక కవర్లో మూసి ఉంచి, పూర్తిగా వెచ్చబడ్డాకే తీయండి.